చంపిందెవరో తెలిశాక కూడా...

ఆఖరి పేజీ చదివేస్తే అయిపోవాల్సిన పుస్తకం. అయినా అయిపోదు. వందేళ్ల నాటి హత్య మీద ఇప్పటికీ ఎందుకింత మోజు?

విశాఖపట్నం మహారాణిపేటలో ఓ పాత బంగళా. ఆదివారం సాయంత్రం. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన వరండాలో పడక్కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణాలొదిలాడు. ఒళ్లో తెరిచిన పేపరు. పక్కనే చిన్న బల్ల. దానిమీద సగం తాగిన కాఫీ గ్లాసు, తమలపాకుల పళ్లెం, పెట్టెలో భద్రంగా కళ్లజోడు, మూత తీసిన ఫౌంటెన్ పెన్ను. కాఫీలో విషం కలిసిందని డాక్టరు తేల్చేశాడు.

ఇంట్లో ఉన్నది నలుగురే. పీకల్లోతు అప్పుల్లో మునిగిన కొడుకు. వీలునామా గురించి పొద్దున్నే పెద్ద గొడవ చేసి వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ వచ్చిన మేనల్లుడు. ‘నా కళ్లముందేనండీ... మామయ్యగారు పేపరు చదువుతూ చదువుతూ ఓ గుక్క కాఫీ తాగి అలా ఒరిగిపోయారు. నేనేదీ ముట్టుకోలేదు, అక్కణ్నుంచే కేకేశాను’ అంటున్న అల్లుడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న వంటావిడ. ‘పొద్దున్న కళ్లజోడు కనబడక, ఒక్క అక్షరం కూడా కనబడటంలేదని నాచేత ఇల్లంతా వెతికించారు బాబూ! మధ్యాహ్నం వంకాయ కూర బాగుందని మళ్లీ వేయించుకున్నారు...’ అంటూ ఆవిడ ధోరణి సాగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు ఆవిణ్ని కసిరేలోపే పెరట్లో ధడేల్‌మని ఏదో పడ్డ చప్పుడు. అందరూ అటు పరిగెత్తారు...

చంపిందెవరు?

కంగారేం లేదు, ఇదంతా ఉత్తుత్తిదే. కానీ ఇప్పుడు మీ బుర్రలో ‘కొడుకా? మేనల్లుడా?’ అంటూ ఓ పురుగు దొలవడం మొదలైంది చూశారూ, దాని సంగతే ఈవారం చెప్పుకోబోతున్నాం. 1841లో అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో ప్యారిస్‌లో జరిగినట్టుగా ఓ జంట హత్యల కథ రాసి, దాన్ని ఛేదించే పని తెలివైన ఓ పెద్దమనిషికి అప్పగించినప్పటి నుంచీ ఆ పురుగు లోకాన్ని దొలుస్తూనే ఉంది. మనకైతే ఇంకా పాత అలవాటే. భుజమ్మీద శవాన్ని మోసుకెళ్తున్న విక్రమార్కుణ్ని ప్రతి కథ చివరా ప్రశ్న వేసి ఆపే బేతాళుణ్ని మించిన సస్పెన్స్ రచయిత ఎవరున్నారు!

నూరేళ్ల శవం

ఈ తరహా నవలల్లో మకుటం ఏదని అడిగితే చాలామంది చూపించేది అగథా క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ని. 1925లో లండన్ ఈవెనింగ్ న్యూస్ అనే దినపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1926లో పుస్తకమైంది. బ్రిటన్‌లోని క్రైమ్ రచయితల సంఘం 2013లో తమ సభ్యుల్ని అడిగితే, అప్పటివరకూ వచ్చిన క్రైమ్ నవలలన్నిటిలోకీ ఉత్తమమైనదిగా వాళ్లు దీనికే ఓటేశారు. అంటే, దొంగల గుట్టు తెలిసిన దొంగలే ఒప్పుకున్నారన్నమాట.

కథ చూస్తే మరీ గొప్పగా ఏం ఉండదు. కింగ్స్ ఎబట్ అని ఓ పల్లెటూరు. అందులో రోజర్ ఆక్రాయిడ్ అనే డబ్బున్న ఆసామి. ఓ రాత్రి భోజనాలయ్యాక తన గదిలోనే కత్తిపోటుకు బలైపోతాడు. ఇంట్లో అప్పులున్నవాళ్లు, ఆస్తి మీద కన్నున్నవాళ్లు, ఏదో దాస్తున్నవాళ్లు... ఎవర్ని తీసుకున్నా అనుమానమే. అదే ఊళ్లో డిటెక్టివ్ పని మానేసి కూరగాయలు పండించుకుంటూ కాలక్షేపం చేస్తుంటాడు హెర్క్యూల్ పాయిరో. గుడ్డులాంటి తల, మైనం పెట్టి దువ్విన మీసాలు. ఇక ఆ ఊరి డాక్టరుగారి అక్క కరోలిన్ ఉంటుంది. గడప దాటకుండానే ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చెప్పేయగలదు. మన వీధిలోనూ అలాంటి పిన్నిగారు ఒకరు ఉండే ఉంటారు కాబట్టి ఆవిణ్ని మనకు ప్రత్యేకంగా పరిచయం చేయక్కర్లేదు. తర్వాతి రోజుల్లో క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌కి ఈ కరోలినే మూలం.

చివరికి హంతకుడెవరో తెలిసేసరికి అప్పటి పాఠకులు అదిరిపడ్డారు. కొందరు ‘ఇది మోసం’ అని గొడవచేశారు. మరో ప్రసిద్ధ డిటెక్టివ్ రచయిత్రి డొరతీ సేయర్స్ మాత్రం క్రిస్టీని వెనకేసుకొచ్చింది. అందర్నీ అనుమానించాల్సిన బాధ్యత పాఠకుడిదేనని ఆమె వాదన. అన్నట్టు, ఆ నవలలోని అసలు మలుపులాంటి ఆలోచననే ముందుగా క్రిస్టీకి ఉత్తరం రాసి సూచించినవాళ్లలో ఒకరెవరో తెలుసా? లార్డ్ మౌంట్‌బాటన్. అవును, మన ఆఖరి వైస్రాయే!

ఆ మలుపేంటో ఇక్కడ చెప్పం. చెబితే ఈ పేపరు మీ ఇంట్లో ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు మాకు అక్షింతలు తప్పవు.

హుద్‌హుద్ రోజులు గుర్తున్నాయా?

హత్య ఎక్కడైనా జరగొచ్చు. కానీ ఇలాంటి నవలకు ఓ చుట్టుగోడ కావాలి. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. అప్పుడే ‘మనలో ఒకడు’ అన్న మాటకి వెన్నులో చలి పుడుతుంది. 1939లో వచ్చిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ దీనికి పరాకాష్ఠ. సముద్రం మధ్య దీవి. ఒకరికొకరు తెలియని పదిమందికి ఆహ్వానాలు. పిలిచినవాడు మాత్రం కనబడడు. తుపాను మొదలవుతుంది. పడవ రాదు. ఒక్కొక్కరే చనిపోతుంటారు. భోజనాల బల్ల మీద పది బొమ్మలుంటాయి. ఒక ప్రాణం పోయినప్పుడల్లా ఒక బొమ్మ మాయం. ఈ ఒక్క పుస్తకమే ప్రపంచవ్యాప్తంగా పది కోట్లకు పైగా అమ్ముడైందని అంచనా. మన దగ్గరికి 1965లో ‘గుమ్‌నామ్’ అనే హిందీ సినిమాగా వచ్చింది.

ఇంగ్లండు దీవి మనకేం అర్థమవుతుందిలే అనుకోవద్దు. విశాఖవాసులకు 2014 అక్టోబరు 12 గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకడ్డంగా చెట్లు. పక్కవీధిలో ఏం జరిగిందో తెలియడానికే రోజులు పట్టింది. ఆ రాత్రుల్లో కొవ్వొత్తి వెలుగులో ఎదురింటాయన మొహం కూడా కొత్తగా కనబడింది కదూ! డాల్ఫిన్స్ నోస్ కొండమీద ఓ బంగళాని, దాని చుట్టూ ఆ తుపానుని ఊహించుకోండి. దీవి సిద్ధం.

రైలు కూడా అలాంటి దీవే. ‘మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ (1934)లో రైలు మంచులో కూరుకుపోతుంది. 1929లో నిజంగానే ఆ రైలు టర్కీలో మంచుకు చిక్కి రోజుల తరబడి నిలిచిపోయింది. 1931లో అదే రైల్లో ప్రయాణిస్తున్న క్రిస్టీ కూడా దారిలో ఆగిపోయింది. అయితే అడ్డం పడింది మంచు కాదు, వానలకు ట్రాక్ కొట్టుకుపోయింది. ఆ అనుభవం మనకేమైనా కొత్తా! గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఏ అర్ధరాత్రో పేరు తెలియని స్టేషన్లో గంటల తరబడి ఆగిపోయినవాళ్లని అడగండి. తెల్లారేసరికి బోగీలో అందరి చరిత్రలూ అందరికీ తెలిసిపోతాయి.

కళ్లజోడు ఎక్కడుంది?

ఇప్పుడు మహారాణిపేట బంగళాకి వద్దాం. వెనక్కి వెళ్లి చదవకుండా చెప్పండి, పెద్దాయన కళ్లజోడు ఎక్కడుంది?

పెట్టెలో. అది లేకపోతే అక్షరం కనబడదని వంటావిడ చెప్పింది. పేపరు చదువుతూ చదువుతూ ఒరిగిపోయాడనీ, తాను ఏదీ ముట్టుకోలేదనీ అల్లుడన్నాడు. నిజంగా చదువుతూ పోయినవాడి కళ్లజోడు ముక్కుమీద ఉండాలిగా? అంటే పేపరు ఒళ్లో పెట్టింది పెద్దాయన కాదు. అల్లుడిగారి మాట అబద్ధం. ఇక ఇన్‌స్పెక్టరు ఎవర్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగాలో వేరే చెప్పాలా!

చూశారా, మీ దగ్గర ఏదీ దాచలేదు. కళ్లజోడుని తమలపాకులకీ పెన్నుకీ మధ్య పెట్టాం, అంతే. నాలుగు వస్తువుల జాబితాలో మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు కీలకాన్ని వంటావిడ నోట చెప్పించి, వెంటనే వంకాయ కూర వడ్డించాం. వసపిట్టలా వాగేవాళ్ల మాట ఎవరు వింటారని! ఇంకా అనుమానం మిగిలితే పెరట్లో చప్పుడు ఉండనే ఉంది. గారడీవాడు కుడిచెయ్యి ఊపేది ఎడమచెయ్యి చూడకూడదనే కదా. (ఇంతకీ ఆ చప్పుడేమిటంటారా? పిల్లి అయ్యుంటుంది.)

అసలైన హూడనిట్ - అదే, ‘చేసిందెవరు’ తరహా నవల - బలమంతా ఇక్కడే ఉంది. డిటెక్టివ్‌కి కనిపించిన ప్రతిదీ పాఠకుడికీ కనిపించాలి. ఆ తర్వాత కూడా పాఠకుడు ఓడిపోవాలి. ఓడిపోయి, ‘అయ్యో, కళ్లముందే ఉందే!’ అని నవ్వుకోవాలి. ఈ నిజాయతీ కోసం ఆ రోజుల్లో రచయితలు చట్టాలే రాసుకున్నారు. రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతగురువు 1929లో పది నియమాలు పెట్టాడు. దయ్యాలూ దేవుళ్లూ వచ్చి చిక్కుముడి విప్పకూడదు. ఎవరికీ తెలియని కొత్త విషాలు వాడకూడదు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు. డిటెక్టివే హంతకుడు కాకూడదు. ముందుగా సూచించకుండా కవలల్ని దించకూడదు... ఈ ఆఖరిది మన సినిమాలకు వర్తింపజేస్తే సగం ద్విపాత్రాభినయాలు గల్లంతే! ఆ మరుసటి ఏడాది ప్రారంభమైన డిటెక్షన్ క్లబ్బులో చేరాలంటే పాఠకుణ్ని మోసం చేయనని రచయితలు ప్రమాణం చేయాల్సి వచ్చేది. సరదాకి పెట్టుకున్నదే అనుకోండి, కానీ ఆ సరదా వెనక పాఠకుడి మీద గౌరవముంది.

అందుకే ఇలాంటి నవలని రెండుసార్లు చదవాలి. మొదటిసారి ‘ఎవరు?’ అని చదువుతాం. రెండోసారి ‘ఎలా కనిపెట్టలేకపోయాం?’ అని చదువుతాం. ఆక్రాయిడ్ నవల రెండోసారి చదివినవాళ్లకి పూర్తిగా వేరే పుస్తకంలా కనిపిస్తుంది. మామూలుగా అనిపించిన వాక్యాలే వేరే అర్థంతో నవ్వుతుంటాయి. ఒక్క అక్షరం మారలేదు, మారింది మనం. ఒక పుస్తకం కొంటే రెండు పుస్తకాలు వచ్చినట్టు. అలా రెండోసారి చదివించలేని మిస్టరీ రైల్వేస్టేషన్ బెంచీ మీద వదిలేసి రావడానికే పనికొస్తుంది.

అద్దె షాపులో యుగంధర్

తెలుగులో ఈ సరదా నేర్పించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కొమ్మూరి సాంబశివరావు. 1950ల చివర్లో మొదలుపెట్టి ఆయన రాసిన డిటెక్టివ్ నవలలు ఓ తరాన్ని నిద్రపోనివ్వలేదు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, యుగంధర్ క్రిజ్లర్ కారు... ఇప్పుడు అరవై డెబ్బై ఏళ్లున్నవాళ్ల దగ్గర ఈ పేర్లు ఎత్తి చూడండి, మొహాలు వెలిగిపోతాయి. ‘చావుకేక’, ‘ఉరితాడు’, ‘లక్షాధికారి హత్య’ - పేరు చూస్తేనే పుస్తకం చేతిలోకి తీసుకోవాలనిపించేది. జేబులో పట్టే సైజు. పాఠ్యపుస్తకంలోనూ పట్టేసేదన్నది ఇంకో సౌకర్యం!

వీటిని కొనేవాళ్లకన్నా అద్దెకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. సందు చివర కిళ్లీ కొట్టంత షాపు. పురికొస కుట్టుతో, గోధుమరంగు అట్టతో అలిసిపోయిన పుస్తకాలు. ఆలస్యమైతే రేపటి అద్దె కూడా కట్టాలి కాబట్టి ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదీ వంతులవారీగా చదివేయాలి. ఈ షాపులకి రెండు శాపాలుండేవి. ఒకటి, ఆఖరి కాగితం చిరిగిపోయి ఉండటం. రెండోది అంతకన్నా ఘోరం. ముందు చదివిన పుణ్యాత్ముడు పన్నెండో పేజీలో ఓ పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి ‘హంతకుడు వీడే’ అని రాసిపెట్టడం. పగ తీర్చుకునే ఉపాయం ఒక్కటే - అదే పేజీలో ఇంకో పేరు కింద కూడా గీత గీసి తిరిగి ఇచ్చేయడం. ఈ విషయంలో ఈ వ్యాస రచయితకి స్వానుభవం ఉంది, వివరాలడక్కండి.

విశాఖకు ఇందులో సొంత వాటా ఉంది. ‘త్వమేవాహం’ రాసిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు రచించిన పరిశోధకుడు ఆరుద్ర 1925లో పుట్టింది ఈ ఊళ్లోనే. అంతటి పండితుడూ డిటెక్టివ్ నవలలు రాశారు. ‘పలకల వెండి గ్లాసు’ వాటిలో ఒకటి. ‘మోసగాళ్లకు మోసగాడు’ సినిమాకి మాటలు రాసిన కలమూ అదే. కొందరు దీన్ని సరదాగా కొట్టిపారేస్తారు కానీ, అది అన్యాయం. ఏ కవి ఏ రాజు కాలంవాడు, ఏ పద్యం ఎవరిది అని తేల్చే పని, చిన్నచిన్న ఆధారాలు పట్టుకుని నిందితుణ్ని తేల్చే పనికన్నా భిన్నమా? పైగా ఆయనకి చదరంగమంటే ప్రాణం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మన డిటెక్టివ్ నవలల్లో మెదడుకి మేతకన్నా కారు ఛేజింగులే ఎక్కువని ఓ ఫిర్యాదుంది. కొంత నిజమే. 1980ల్లో వారపత్రికల సీరియళ్ల హవా వచ్చాక అది మరీ పెరిగింది. దానికి కారణం రచయితల చేతకానితనం కాదు. వారంవారం చదివే పాఠకుడు మూడు నెలల కిందటి సంచికలో కళ్లజోడు ఎక్కడుందో గుర్తుపెట్టుకోలేడు కదా! ఆ సంచిక ఎప్పుడో పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ఆధారాలు తగ్గి, ‘తలుపు తెరిచి చూసి కెవ్వుమంది’ అనే ఆఖరి వాక్యాలు పెరిగాయి. ఆ పజిల్ మోజు ఇప్పుడు తెర మీదికి మారింది. 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’ని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. 2022లో వచ్చిన ‘హిట్: ది సెకండ్ కేస్’ కథ అయితే నేరుగా విశాఖలోనే నడిచింది.

కోర్టులో వేరే కథ

ఇదే ఊళ్లో నేరాల గురించి రాసిన మహారచయిత మరొకరున్నారు. లాయరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. మన రావిశాస్త్రిగారే. ఆయన ‘ఆరు సారా కథలు’ చదివితే ‘చేసిందెవరు?’ అన్న ప్రశ్నే రాదు. ఎవరు చేశారో పోలీసులకి తెలుసు, ప్లీడర్లకి తెలుసు, బోనులో నిలబడ్డవాడికీ తెలుసు. తెలిసీ ఏమీ జరగదు, లేకపోతే జరగకూడనివాడికి జరుగుతుంది. నిజమైన నేరం అలాగే ఉంటుంది. కింగ్స్ ఎబట్‌లో ఉన్నట్టు ఉండదు.

మరి ఆ నిజం తెలిసీ ఎందుకు క్రిస్టీని చదువుతాం? పలాయనం అనేస్తే తేలిగ్గా సరిపోతుంది. కానీ ఆ నవలల్లో ఓ పట్టుదల ఉంది. చచ్చిపోయినవాడు మంచివాడు కాకపోవచ్చు, పిసినారి కావచ్చు, పదిమందిని ఏడిపించి ఉండొచ్చు. అయినా సరే, వాణ్ని ఎవరు చంపారో తేలాల్సిందే. ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని ప్రతి ఒక్కరి మాటా వినాల్సిందే. వంటావిడ మాట కూడా. నిజానికి అందరూ కసిరేసే మనిషి మాటలోనే నిజం దాక్కుని ఉండటం ఈ నవలల్లో పదేపదే జరుగుతుంది.

అలా శ్రద్ధగా గమనించే అలవాటు ఓ ప్రాణం నిలబెట్టిందంటే నమ్ముతారా? క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో ఆమెకు వృత్తిరీత్యా తెలుసు. 1920లో వచ్చిన ఆమె తొలి నవలని ఫార్మసీ పత్రికే మెచ్చుకుంది. 1961లో రాసిన ‘ది పేల్ హార్స్’లో థాలియం అనే విషం లక్షణాలు వివరంగా రాసింది. జుట్టు ఊడిపోవడం అందులో ఒకటి. 1977లో ఖతార్ నుంచి లండన్ ఆసుపత్రికి రెండేళ్లయినా నిండని ఓ పాపని తీసుకొచ్చారు. స్పృహ సరిగా లేదు. జబ్బేమిటో వైద్యులకి అంతుపట్టలేదు. ఆ రోజుల్లోనే ఆ నవల చదువుతున్న ఓ నర్సు పాప జుట్టు రాలుతుండటం గమనించి, ఇది థాలియమేమో చూడండని చెప్పింది. పరీక్ష చేయిస్తే అదే! ఇంట్లో వాడిన పురుగులమందు పాప ఒంట్లోకి చేరింది. చికిత్స అందింది, పాప కోలుకుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి క్రిస్టీ లేదు. అంతకుముందు ఏడాదే, 1976 జనవరిలో కన్నుమూసింది.

ఇంట్లో ఒకే కాపీ ఉంటే...

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఓ సలహా. ఆక్రాయిడ్‌తోనే మొదలుపెట్టొద్దు. ముందు క్రిస్టీవే రెండు మూడు మామూలు నవలలు చదవండి. ఆట నియమాలు వంటబట్టాక దాన్ని అందుకుంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇంటర్నెట్‌లో దాని పేరు వెతకొద్దు, మొదటి రెండు లైన్లలోనే ఎవరో ఒకరు గుట్టు విప్పేసి ఉంటారు. ఆ విషయంలో లండన్ నాటకశాల నయం. క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ 1952 నవంబరులో అక్కడ మొదలై, 2020లో కరోనా వల్ల ఆగి, మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది. నాటకం అయ్యాక ప్రేక్షకుల్ని చేసే విన్నపం ఎప్పుడూ ఒకటే - హంతకుడెవరో దయచేసి బయట చెప్పకండి.

ఇంట్లో ఒకే కాపీ ఉండి, మీకన్నా ముందు మీ ఆవిడో మీ అబ్బాయో చదివేసి ఉంటే మాత్రం కాస్త జాగ్రత్త. మీరు చదువుతున్నంతసేపూ వాళ్లు అటూ ఇటూ తచ్చాడుతుంటారు. ‘ఎన్నో పేజీలో ఉన్నావ్?’ అనడుగుతారు. ‘ఎవరనుకుంటున్నావ్?’ అంటారు. మీరో పేరు చెబుతారు. వాళ్లు ఏమీ అనరు, మొహం అటు తిప్పుకుంటారు. ఆ మొహం చూసి ఏదో కనిపెట్టేద్దామని ప్రయత్నించకండి. ఇంటి దొంగని ఈశ్వరుడే పట్టలేడంటారు, మనమెంత!